గీత మీద పడ్డ కాలు

“నన్ను గ్రూపులకెళ్ళి తీసేసింది ఎవరు?”

కృపాజ్యోతి ఫోను బల్ల మీద పెట్టి మళ్ళీ అడిగింది. మా వాడు సామ్ సుందర్ ఉప్మా పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. కరివేపాకు ఏరి అంచున పెడుతున్నాడు. ఇంత వయసొచ్చినా వాడికి కరివేపాకు తినడం రాలేదు, పెళ్ళాం అడిగినదానికి ముఖం చూసి జవాబు చెప్పడమూ రాలేదు.

“విజయేందర్ తీసిండేమో. నాకేం తెల్సు,” అన్నాడు చివరికి. “టీం అంతా కోపం మీదున్నది.”

“టీమా, నువ్వా?”

వాడు చెయ్యి కడుక్కుని, బ్యాగు తగిలించుకుని ఆఫీసుకు పోయాడు. బండి చప్పుడు సందు దాటేదాకా కృపాజ్యోతి ఆ ఎంగిలి పళ్ళెం వైపే చూస్తూ నిలబడింది. తర్వాత దాన్ని అక్కడే వదిలేసి తనూ డ్యూటీకి వెళ్ళిపోయింది. పళ్ళెం ఎవరు తీశారంటారా? ఇంకెవరు, నేనే.

ఆదివారం నుంచి ఇదే వరస. నాంపల్లి స్టేషన్ వెనక సందులో మాది చిన్న ఇల్లు. అందులో ఇద్దరు మాట్లాడుకోకపోతే మిగిలిన ఇద్దరికి ఊపిరాడదు. మోటారు వేయమని కోడలు నాతో చెబుతుంది. వాడు పక్కనే ఉంటాడు, వాడికి వినబడుతుంది, అయినా నేను మళ్ళీ చెప్పాలి. ఇస్త్రీ బట్టలు వచ్చాయా అని వాడు వాళ్ళ నాన్నను అడుగుతాడు. ఆయనకేం తెలుసు ఇస్త్రీ సంగతి? పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుంటారు. నాకు ఒళ్ళు మండిపోతోంది.

నిజం చెప్పొద్దూ, నా మంట ముందు కోడలి మీదే.

వీళ్ళిద్దరూ ఆడేది అల్టిమేట్ అనే ఆట. ఒక ప్లాస్టిక్ పళ్ళేన్ని గాలిలో విసురుకుంటూ పోయి, ఎదుటి జట్టు చివర గీసిన గీతల లోపల పట్టుకుంటే పాయింటు. ఆ పళ్ళేన్ని వాళ్ళు డిస్క్ అంటారు. నేను పళ్ళెమనే అంటాను. ఆడా మగా కలిసి ఆడతారు. వీళ్ళ పెళ్ళి కుదిరింది కూడా ఆ గ్రౌండులోనే. జట్టు పేరు ఆబిడ్స్ ఆవారాలు. మీ అబ్బాయి ఏ టీములో ఆడతాడని పాస్టరమ్మ గారు అడిగినప్పుడు ఆ పేరు చెప్పలేక చచ్చాను. ఆ ఆవారాలకు మా వాడే కెప్టెను.

ఈ ఆటలో అంపైరు ఉండడు. ఎవరి తప్పు వాళ్ళే చెప్పుకోవాలి. తగాదా వస్తే ఆట ఆపి, ఆడేవాళ్ళే నిలబడి మాట్లాడుకుని తేల్చుకోవాలి. మా ఆయన ఇజ్రాయేల్ గారు ఉద్యోగం చేసుకుంటూనే ఊళ్ళో ఫుట్‌బాల్ మ్యాచులకు ఇరవై ఏళ్ళు రిఫరీగా నిలబడిన మనిషి. ఆయన విజిల్ ఇప్పటికీ మా హాల్లో మేకుకే వేలాడుతోంది. అంపైరు లేడని విన్న రోజున, ఎవడి దొంగతనం వాడే ఒప్పుకుంటాడా, ఇదేం ఆటరా అని నవ్వారు. తర్వాత ఆ గ్రౌండు వైపు ఒక్కనాడూ పోలేదు.

నేను పోయాను. మొన్న ఆదివారం లీగు ఫైనలు. గన్‌ఫౌండ్రీ అవతల ఒక స్కూలు గ్రౌండులో. గెలిచిన జట్టు పుణె టోర్నమెంటుకు పోతుంది. చర్చిలో క్వయర్ ఎగ్గొట్టి, టిఫిన్ డబ్బా పట్టుకుని ఎండలో కూర్చున్నాను. ఎదుటిది గౌలిగూడ గాలిపటాలు అనే జట్టు. దానికి హాసిని అనే పిల్ల కెప్టెను. చివరికి స్కోరు సమానమైంది. ఆ ఒక్క పాయింటు ఎవరిదైతే కప్పు వాళ్ళది.

మా వాడు మూలకు పరుగెత్తి, ఎగిరి పళ్ళెం పట్టుకున్నాడు. ఆవారాలంతా గంతులేశారు. నేనూ లేచి నిలబడ్డాను. వాడి వెంటే పరుగెత్తిన హాసిని మాత్రం, కాలు గీత మీద పడింది అన్నది. గీత తొక్కితే బయటపడ్డట్టే లెక్క. మా వాడు లోపలే పడ్డానన్నాడు. ఎంతసేపటికీ తెగలేదు. అలాంటప్పుడు దగ్గర నుంచి చూసినవాళ్ళను అడగొచ్చట. ఆ మూలకు దగ్గరగా ఉన్నది ఒకే ఒక్క మనిషి. ఆ పాయింటుకు ఆడకుండా బయట నిలబడిన మా కోడలు.

“గీత మీద పడ్డది,” అన్నది కృపాజ్యోతి.

సొంత జట్టు! సొంత మొగుడు! పట్టింది చెల్లలేదు. పళ్ళెం గాలిపటాల చేతికి పోయింది. వాళ్ళు అటు చివరకు తీసుకుపోయి పాయింటు కొట్టారు, కప్పు ఎత్తారు.

ఆట అయ్యాక వీళ్ళకొక పద్ధతి ఉంది. రెండు జట్లూ కలిసి గుండ్రంగా నిలబడతారు. ఈ జట్టు మనిషి పక్కన ఆ జట్టు మనిషి, ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని, ఎదుటివాళ్ళు ఎంత నిజాయితీగా ఆడారో చెప్పుకుంటారు. దాన్ని సర్కిల్ అంటారు. ఎంత కొట్టుకున్నా సర్కిల్ ఎగ్గొట్టకూడదు. మా వాడు ఎగ్గొట్టాడు. బూట్లు కూడా విప్పకుండా బండెక్కి, పెళ్ళాన్నీ తల్లినీ గ్రౌండులో వదిలేసి వచ్చేశాడు. వాడు లేకపోయేసరికి ఆవారాలూ ఒక్కొక్కరే జారుకున్నారు. సర్కిల్ జరగనే లేదు.

ఆటోలో నేను ఊరుకోలేదు. సరిగ్గా చూడలేదంటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా అని అడిగేశాను. కోడలు చాలాసేపు రోడ్డు వైపే చూసింది.

“అత్తమ్మా, అడగకుంటే నేను నోరు తెరవకపోదును,” అన్నది. “అడిగిన్రు. అడిగినంక అబద్ధం ఎట్ల చెప్పాలె?”

నేనేమీ అనలేకపోయాను. అనలేకపోయినందుకు కోపం ఇంకా పెరిగింది.

ఇప్పుడు ఈ గ్రూపు గొడవ. ఫోనులో ఆవారాల గ్రూపు ఉంది కదా, అందులోంచి కృపాజ్యోతిని తీసేశారు. ఆ జట్టు మొదలుపెట్టిన నలుగురిలో తను ఒకతె. కొత్త పిల్లలకు విసరడం నేర్పింది తను. ఒక్క మాట చెప్పకుండా తీసిపారేశారు. కోడలి మీద నాకెంత కోపమున్నా, ఇంటి పిల్లను బయటివాడు అలా చేస్తే నేను సహిస్తానా? ఆ జట్టులోనే ఆడే విజయేందర్‌కు సుల్తాన్ బజార్‌లో బట్టల దుకాణం ఉంది. ఆ రోజే లైనింగు గుడ్డకు వెళ్ళాను. ఆంటీ రండి రండి అని కుర్చీ వేశాడు. ముఖం తిప్పుకుని పక్క దుకాణంలో కొన్నాను. వాడు గుమ్మంలో నిలబడి బిక్కమొహం వేశాడు. బాగా అయింది అనుకున్నాను.

ఆ సాయంత్రమే హాసిని మా ఇంటికి వచ్చింది.

ఒక చేతిలో హెల్మెట్, ఒక చేతిలో కవరు. కృపక్క ఉందా ఆంటీ అంది. నా కొడుకు కప్పు ఎగరేసుకుపోయిన పిల్ల. అయినా గుమ్మం ఎక్కిన మనిషిని కూర్చోమనక తప్పుతుందా? కూర్చోమన్నాను. కోడలిని పిలిచాను, చాయ్ మాత్రం పెట్టలేదు.

విషయం ఏమిటంటే, వాళ్ళ జట్టులో ఇద్దరు అమ్మాయిలకు సరిగ్గా పుణె తారీకుల్లోనే పరీక్షలు పడ్డాయి. సరిపడా ఆడపిల్లలు లేకపోతే జట్టును గ్రౌండులోకే దిగనివ్వరు. లీగులో వేరే జట్టు మనిషిని తీసుకోవచ్చని రూలు ఉంది. అందుకని కృపాజ్యోతిని గాలిపటాలతో పుణె రమ్మని అడగడానికి వచ్చింది. కవరులో జెర్సీ.

కృపాజ్యోతి ముఖంలో ఒక్క క్షణం వెలుగు వచ్చింది. నేను చూశాను. ఎన్నేళ్ళ నుంచి ఆడుతోందో, ఊరు దాటి ఆడింది లేదు. అంతలో లోపలి గది పరదా తోసుకుని మా వాడు వచ్చాడు.

“నా ఇంట్లకు వచ్చి నా టీం పిల్లని అడుగుతున్నవా?”

“నీ టీం ఎక్కడిది అన్నా?” అంది హాసిని మెల్లగా. “గ్రూపులకెళ్ళి తీసేసిన్రట కదా.”

మా వాడికి ముఖం ఎర్రబడింది. నవ్వాడు. వాడి నవ్వు నాకు ఎప్పుడూ అంత అసహ్యంగా కనబడలేదు.

“మంచిగున్నది,” అన్నాడు. “ఆదివారం గీత మీద పడ్డదని చెప్పింది. ఇయ్యాల పుణె జెర్సీ ఇంటికొచ్చింది. అర్థం చేసుకునేటోళ్ళు చేసుకుంటరు.”

కోడలు జెర్సీ మీది చెయ్యి వెనక్కి తీసుకుంది. పుణె పోతే అమ్ముడుపోయింది అంటారు. పోకపోతే నిజం చెప్పినందుకు ఇంట్లో కూర్చున్నట్టు. ఎటు తిరిగినా దాని మాటకే మచ్చ. ఆ మచ్చ తుడవగలిగినవాడు లోకంలో ఒక్కడే. వాడేమో ఎదురుగా నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను గానీ, అప్పుడు నాకు అంత ఆలోచన ఎక్కడిది? నా కొడుకును నా ఇంట్లోనే అబద్ధాలకోరును చేస్తున్నారని రోషం పొడుచుకొచ్చింది. హాసిని మీదికి లేచాను. నువ్వొక్కదానివే చూశావా, నేనూ అక్కడే ఉన్నాను, అంత దూరం నుంచైనా రెప్ప వేయకుండా చూశాను అన్నాను. ఇంకా అన్నాను:

“పాపం, కిందికి దిగంగనే పిల్లగాడు కాలు దిక్కు చూసుకున్నడు. మడమ బెణికిందేమోనని నా పానం జల్లుమన్నది. గంత కష్టపడి పట్టినోన్ని పట్టుకొని మీరు...”

అక్కడ ఆగిపోయాను. హాసిని నన్ను చూడడం లేదు, మా వాడిని చూస్తోంది. కృపాజ్యోతి కూడా. ఇజ్రాయేల్ గారు పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు.

“ముందుగాల కాలు దిక్కే చూసిండా?” అన్నారు నాతో.

“ఔ.”

“చేతిలున్నదాని దిక్కు కాదు?”

“కాదు. కాలు దిక్కే.”

ఆయన కొడుకు వైపు తిరిగారు. గొంతు పెంచలేదు. ఆ మనిషి గొంతు పెంచకపోతేనే నాకు భయం.

“ఇరవై ఏండ్లు విజిల్ ఊదిన సామూ. లోపల పడ్డోడు కిందికి చూడడు.”

“డాడీ, నువ్వు గాడ లేవు.”

“మీ మమ్మీ ఉన్నది కదా.”

“మమ్మీ, నువ్వు జర ఊకుంటవా!” అని వాడు నా మీద అరిచాడు. ఆ అరుపుతోనే నాకు అంతా తెలిసిపోయింది. వాడికి తెలుసు. కోడలు చెప్పకముందే తెలుసు. తెలిసీ పెళ్ళాన్ని ఇన్ని రోజులు దోషిలా నిలబెట్టాడు. నా చేత కూడా ఆటోలో అన్ని మాటలు అనిపించాడు.

కృపాజ్యోతి గీత సంగతి ఎత్తలేదు. హాసినిని గుమ్మం దాకా సాగనంపుతూ, రేపు పొద్దున గ్రౌండుకు మీవాళ్ళందరినీ తీసుకురా అని చెప్పింది. మావాళ్ళకు నువ్వే కబురు పెట్టు, నాకు గ్రూపు లేదు కదా అంది. ఆ రోజు కాని సర్కిల్ రేపు అయ్యాక, పుణె వస్తానో రానో చెబుతానంది. హాసిని కవరు తీసుకుని వెళ్ళింది.

తర్వాత మొగుడి వైపు తిరిగింది. “నువ్వు వస్తవో రావో నీ ఇష్టం. నేనైతే రమ్మని అడగ,” అంది.

ఆ పూట చారులో కరివేపాకు రెట్టింపు వేశాను. ఏరుకోనీ. వాడు ఏరుకోలేదు, అసలు తినలేదు. వంటింట్లోకి వచ్చి నా వెనక నిలబడి, అందరి ముందూ చెబితే ఇక కెప్టెన్‌గా నా మాట ఎవడు వింటాడు మమ్మీ అన్నాడు. ఆ పిల్ల అందరి ముందే కదరా చెప్పింది, తనకు లేదా పరువు అన్నాను. అంతకు మించి ఒక్క మాట మాట్లాడితే చేతిలోని గరిటె విసిరేసేదాన్ని. వాడికీ ఆ సంగతి తెలుసు, వెళ్ళిపోయాడు.

పొద్దున్నే కోడలు ఆటోలో వెళ్ళింది. ఆ వెనకే మేం బయలుదేరుతుంటే ఇజ్రాయేల్ గారు చొక్కా వేసుకుని, అలవాటుగా మేకు మీది విజిల్ అందుకున్నారు. ఒక నిమిషం దాన్ని చేతిలో పట్టుకుని చూసి, మళ్ళీ తగిలించేశారు. గ్రౌండులో దానికి పని లేదన్నారు.

రెండు జట్లూ వచ్చాయి. ఆవారాలు ముభావంగా ఒక పక్క, గాలిపటాలు ఒక పక్క. విజయేందర్ దూరం నుంచే నాకు నమస్కారం పెట్టాడు. నేను చూడనట్టు చేతిలోని టిఫిన్ డబ్బా మూత సర్దుకున్నాను. అందరూ గుండ్రంగా నిలబడుతుండగా గేటు దగ్గర బండి ఆగింది. మా వాడు వచ్చాడు. నడిచి వస్తుంటే ఒక్కరూ పలకరించలేదు. సర్కిల్‌లో ఉన్న ఖాళీ హాసిని పక్కనే. హాసినికి అటు పక్క కృపాజ్యోతి. మొగుడూ పెళ్ళాల మధ్య ఆ పిల్ల. ముగ్గురూ భుజాల మీద చేతులు వేసుకున్నారు.

హాసిని మొదలుపెట్టబోయింది. మా వాడు ఆగమన్నాడు.

“నా కాలు గీత మీదనే పడ్డది,” అన్నాడు. “నాకు తెల్సు. కృప చెప్పకముందే తెల్సు. నిన్న మా ఇంట్ల జెర్సీ గురించి నేనన్న మాట గూడ తప్పు. కృప ఎవ్వరికీ అమ్ముడుపోలే. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నేనే చెప్పలే.”

ఎవరో ఒకరు చప్పట్లు మొదలుపెట్టారు, అందరూ కొట్టారు. ఒప్పుకున్నవాడికి చప్పట్లు కొట్టడం వాళ్ళ పద్ధతట. ఒకడు మా వాడి వీపు తట్టాడు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఎంతైనా నా కడుపున పుట్టినవాడు, మంచివాడే అనుకున్నాను. కొంగుతో కళ్ళు తుడుచుకుని, అందరికీ పెడదామని డబ్బా మూత తీశాను.

కృపాజ్యోతి చప్పట్లు కొట్టలేదు.

“సరే,” అంది. “ఇంకొకటున్నది. నన్ను గ్రూపులకెళ్ళి తీసింది ఎవరు?”

అందరూ విజయేందర్ వైపు చూశారు. నేనూ చూశాను. వాడు కంగారుగా రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

“నేను కాదు వదినా. ఒట్టు. గ్రూపుల ఎవల్నన్న తియ్యాలంటే అడ్మిన్ అయి ఉండాలె కదా,” అన్నాడు. “మన గ్రూపుకు సామ్ అన్న ఒక్కడే అడ్మిన్.”

చప్పట్లు కొట్టిన చేతులన్నీ ఆగిపోయాయి. కృపాజ్యోతి హాసినిని దాటి మా వాడి ముఖంలోకి చూసింది. ఈసారి కోపంగా కూడా లేదు. ఊరికే జవాబు కోసం చూసింది.

సామ్ సుందర్ తల వంచి, ఆదివారం చూసుకున్నట్టే, తన కాలి వైపు చూసుకున్నాడు.

కృపాజ్యోతి హాసిని వైపు తిరిగి, జెర్సీ తెచ్చావా అని అడిగింది.